సగం ఓట్లు రాకపోయినా ఎమ్మెల్యేనా?

ప్రశ్న: సగం ఓట్లు కూడా రానివాళ్లు ఎమ్మెల్యే ఎలా అవుతారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సగం దాటాలన్న షరతే లేదమ్మా. నియోజకవర్గానికి ఒకటే సీటు, మిగతా అభ్యర్థులు ఒక్కొక్కరికన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. లక్ష ఓట్లు పోలై ముగ్గురికి 38 వేలు, 35 వేలు, 27 వేలు పడ్డాయనుకోండి, 38 వేలు వచ్చినాయనే ఎమ్మెల్యే, మిగతా 62 వేలమంది ఆయన్ని వద్దనుకున్నా సరే. ఇది నాకూ అన్యాయంగానే అనిపిస్తుంది. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు గెలిచింది 25 ఓట్ల తేడాతో, అంటే ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండే ఓటర్లంత! సమానంగా వస్తే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, లాటరీ తీసి తేలుస్తారు. అన్నట్టు, నోటాకే ఎక్కువొచ్చినా ఎన్నిక రద్దు కాదు, అభ్యర్థుల్లో ముందున్నవాళ్లే గెలుస్తారు.