కార్డు బాకీకి కోర్టు సమన్లు వచ్చాయి, ఏజెంటేమో మూడో వంతు కడితే చాలంటున్నాడు. ఏం చేయాలి?

1.8 లక్షల బాకీకి సమన్లు, ఇంకోపక్క 60 వేలు కడితే కేసు ఎత్తేస్తామని ఫోన్లు. ఏజెంటు సంగతి తర్వాత, ముందు ఆ కాగితం నిజంగా కోర్టుదేనా చూడండి. లాయరు నోటీసునే సమన్లలా ముద్రించి వాట్సాప్‌లో పంపేవాళ్లున్నారు. అసలు సమన్లలో కోర్టు పేరు, ఓఎస్ నంబరు (దావా నంబరు), వాయిదా తేదీ ఉంటాయి. ఈకోర్ట్స్ సైట్‌లో పార్టీ పేరుతో వెతికినా తేలిపోతుంది. కేసు నిజమైతే అమీనాను (సమన్లు తెచ్చే కోర్టు ఉద్యోగిని) తిప్పి పంపకండి, వద్దన్నా అందినట్టే లెక్కగడతారు.

మామూలు దావాకు 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (రాతపూర్వక జవాబు) వేయాలి. తగిన కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వొచ్చు. సమన్ల మీద ఆర్డర్ 37 (త్వరగా తేల్చే దావా) అని ఉంటే మాత్రం 10 రోజుల్లోనే హాజరు నమోదు చేయాలి. ఆ తర్వాత తీర్పు కోరుతూ ఇంకో సమన్లు వస్తాయి. అవి అందిన 10 రోజుల్లో, మన వాదన వినమని అఫిడవిట్‌తో అనుమతి అడగాలి. ఈ రెండో 10 రోజులు దాటబెట్టుకుని మునిగేవాళ్లే ఎక్కువ.

జవాబులో "అన్నీ అబద్ధాలు" అని ఒక్క ముక్కలో కొట్టేస్తే పనికిరాదు. పేరా పేరాకూ విడిగా కాదనాలి, కాదననిది ఒప్పుకున్నట్టే. వాడిన కార్డును వాడలేదనకండి, లెక్క మీద నిలబడండి: అసలెంత, వడ్డీ ఎంత, లేటు ఫీజు ఎంత, నెలవారీ స్టేట్‌మెంట్లేవి? బాకీని వేరే కంపెనీ కొనుక్కుని దావా వేసి ఉంటే, బదిలీ పత్రంలో మీ ఖాతా ఎక్కడుందో చూపించమనండి.

బాకీకి కాలదోషం పట్టిందేమో, అంటే దావా వేసే గడువు దాటిపోయిందేమో కూడా చూడాలి. కట్టడం తప్పాక సాధారణంగా 3 ఏళ్లు. ఆలోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. 3 ఏళ్లు దాటాక కూడా "కడతాను" అని రాసి సంతకం చేస్తే కాంట్రాక్ట్ చట్టం 25(3) కింద కొత్త ఒప్పందమైపోతుంది. ఏజెంటు తెచ్చే "ఊరికే ఒక లెటర్" అందుకే.

అసలు వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు లేకుండానే తీర్పు) పడుతుంది. దాన్ని కొట్టేయించడానికి 30 రోజులే. డిక్రీకి 12 ఏళ్ల ఆయుష్షు, ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసి జీతం కూడా జప్తు చేయించవచ్చు.

రాజీ పడాలనుకుంటే ఫోన్ మాట నమ్మకండి. బ్యాంకు లెటర్‌హెడ్ మీద మొత్తం, తేదీ, దావా ఉపసంహరణ రాయించుకుని లోక్ అదాలత్‌లో రికార్డు చేయించండి. అక్కడి అవార్డు (తీర్పు) మీద అప్పీలు ఉండదు, కాబట్టి కట్టగలిగే వాయిదాలకే ఒప్పుకోండి.

క్రెడిట్ సంగతికొస్తే, 60 వేలకు తెంచుకుంటే సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది. తర్వాత ఇంటి లోను అడిగినప్పుడు అదే అడ్డం. స్తోమత ఉంటే వడ్డీ, ఫీజులు మాఫీ చేయించుకుని మిగతాది కట్టి, "క్లోజ్డ్" అని నమోదు చేస్తామని ముందే రాయించుకోండి. ఎన్ఓసీ (బాకీ లేదన్న బ్యాంకు పత్రం) చేతికొచ్చాక రిపోర్టు తీసి చూడండి, "సూట్ ఫైల్డ్" (దావా వేశారు) ముద్ర అలాగే ఉండిపోతుంటుంది. ఉంటే సిబిల్‌లో డిస్ప్యూట్ (సరిచేయమన్న ఫిర్యాదు) వేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం అడిగే హక్కు ఆర్‌బీఐ నిబంధనల్లోనే ఉంది.