పార్కింగ్ బిల్లుకు ఉత్తరం రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన ముసాయిదా రెండుసార్లు చదివాను. లైసెన్సున్న తుపాకీని ఆఫీసు పార్కింగ్‌లో, తాళం వేసిన సొంత కారులో ఉంచుకున్నందుకు ఎవరి ఉద్యోగమూ పోకూడదని అమెరికాలో మీరుండే రాష్ట్రంలో బిల్లు వచ్చింది. దానికి మద్దతుగా జనం చేత ఉత్తరాలు రాయించే పని నీ నెత్తిన పడింది. ఆ చట్టం రావాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఈ ముసాయిదా ఇలాగే వెళ్తే ఒక్క ఓటు కూడా కదలదు.

మొదటి పేరా అంతా తుపాకీ హక్కునిచ్చే రెండో రాజ్యాంగ సవరణ గురించే. అందులో స్వేచ్ఛ ఉంది, పూర్వీకుల త్యాగం ఉంది, బిల్లు నంబరు మాత్రం లేదు. అది చదివే శాసనసభ ప్రతినిధికి సవరణ సంగతి నీకంటే బాగా తెలుసు. ఆయన తేల్చుకోలేనిది వేరే ఉంది. నువ్వు తుపాకులంటే గిట్టనివాళ్లతో వాదిస్తున్నట్టు రాశావు. ఈ తరహా బిల్లును లోపల్లోపల ఆపేది చాలాచోట్ల వాళ్లు కాదు, వ్యాపారుల సంఘమైన చాంబర్ ఆఫ్ కామర్స్, పెద్ద కంపెనీలు. టెనెసీలో 2012లో సభ రిపబ్లికన్ల చేతుల్లోనే ఉంది, అయినా ఫెడెక్స్, ఫోక్స్‌వాగన్ లాంటి సంస్థలు వద్దనడంతో ఇలాంటి బిల్లు ఓటింగు దాకా రాలేదు. ఆ ఆగస్టులో పార్టీ అభ్యర్థులను తేల్చే ప్రైమరీ ఎన్నికలో తుపాకీ హక్కుల సంఘం ఎన్‌ఆర్‌ఏ, సభలో ఆ పార్టీ సభ్యుల బృందానికి (కాకస్) అధ్యక్షురాలైన డెబ్రా మగార్ట్‌కు వ్యతిరేకంగా ప్రచారం చేసింది, ఆవిడ ఓడిపోయారు. ఒకే పార్టీ ఇంట్లో రెండు హక్కుల తగవు అది. నా స్థలంలో ఏముండాలో నేనే చెబుతానంటాడు యజమాని. నా కారు నా ఇల్లు లాంటిదంటాడు ఉద్యోగి. ప్రతినిధికి ఇద్దరూ కావలసినవాళ్లే. ఆ ముడి ఎలా విప్పుకోవాలో ఆయనకు చూపించడమే నీ ఉత్తరం పని.

ఈ గొడవ ఎక్కడ రాజుకుందో తెలుసుకుని రాయి. ఓక్లహోమాలో వాలియంట్ అనే చిన్న ఊళ్లో అప్పట్లో వేయర్‌హౌజర్ కంపెనీ వారి కాగితపు మిల్లు ఉండేది. 2002 అక్టోబరులో అక్కడి పార్కింగ్‌లో కుక్కలతో సోదా చేయించి, కార్లలో తుపాకులు దొరికిన పనివాళ్లను తీసేశారు. దాని మీదే 2004లో ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. పనిచోటు భద్రతను చూసే ఫెడరల్ చట్టానికి ఇది అడ్డు వస్తుందని 2007లో జిల్లా కోర్టు అమలు ఆపేసింది. 2009 ఫిబ్రవరిలో, ఓక్లహోమాతో పాటు మరికొన్ని రాష్ట్రాలను చూసే ఫెడరల్ పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పికొట్టింది. ఇప్పటికీ కమిటీలో ఎవరో ఒకరు లేచి "ఇది ఫెడరల్ చట్టానికి విరుద్ధం" అంటారు. అప్పుడు 2009 తీర్పు సంగతి ఒక్క వాక్యంలో చెప్పగలిగేవాడు మీ గుంపులో ఉండాలి. పదో సర్క్యూట్ తీర్పు మీ రాష్ట్రాన్ని కట్టిపడేయకపోవచ్చు, కానీ వాదన బరువు అక్కడ తేలిపోయింది.

ఇక అసలు విషయం. బిల్లు పాఠం దగ్గర పెట్టుకో. వార్తాపత్రిక సారాంశం కాదు, సభ వెబ్‌సైటులో ఉన్న తాజా ప్రతి. యజమాని మీద వాడిన క్రియాపదం ఏమిటో చూడు. బిల్లు బతుకంతా దాని మీదే ఉంటుంది. టెనెసీ 2013లో ఎట్టకేలకు చట్టం చేసింది. పర్మిట్ ఉన్నవాడు పార్కింగ్‌లో కారులో తుపాకీ ఉంచుకుంటే నేరం కాదన్నది, అంతే. ఉద్యోగంలోంచి తీసేయకూడదని ఎక్కడా అనలేదు. ఆ చట్టం యజమాని చేతులు కట్టేయదని ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ అభిప్రాయం చెప్పారు. ఏ కారణం లేకపోయినా ఉద్యోగి చేత ఇంటిదారి పట్టించగలిగే రాష్ట్రం అది, కాబట్టి జనం గెలిచామనుకున్నదాంట్లో సగం చేతిలోంచి జారిపోయింది. ఆ మాట చేర్పించడానికి 2015 దాకా మళ్లీ తిరగాల్సి వచ్చింది. రెండేళ్ల శ్రమ, "తొలగించరాదు" అన్న ఒక్క మాట కోసం.

ఫ్లోరిడా 2008 చట్టం దీనికి పూర్తిగా వేరు. కారులో తుపాకీ ఉందా అని అడగకూడదు, సోదా చేయకూడదు, లైసెన్సు ఉందా లేదా అన్నదాన్ని ఉద్యోగానికి షరతు చేయకూడదు, తీసేయకూడదు అని ఒక్కొక్కటీ విడివిడిగా రాశారు. అంత పకడ్బందీగా రాసినా మినహాయింపుల్లోంచి గాలి పోయింది. పేలుడు పదార్థాలతో పనిచేసే స్థలాలకు చట్టం వర్తించదన్నారు. బాణసంచా కోసం తమకు ఆ అనుమతి ఉంది కాబట్టి తాము మినహాయింపులోకి వస్తామని డిస్నీ వరల్డ్ వాదించింది. మీ బిల్లులో మినహాయింపుల సెక్షన్ చదివేటప్పుడు మీ ఊళ్లో ఎక్కువమంది పనిచేసే నాలుగైదు సంస్థలను మనసులో పెట్టుకో. అవన్నీ ఆ సందులోంచి బయటికి పోగలిగితే ఆ బిల్లు కోసం ఉత్తరాలు రాయించడం కంటే సవరణ కోసం రాయించడం మేలు.

తీసేస్తే ఉద్యోగి ఎక్కడికి వెళ్లాలన్నది కూడా చూడు. మిసిసిపీ చట్టంలో ఆ దారి స్పష్టంగా లేదు. 2013లో ఉద్యోగం పోయిన ఒక కార్మికుడు ఫెడరల్ కోర్టుల్లో తిరిగి తిరిగి, చివరికి 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు చేత, దావా వేసుకోవచ్చు అనిపించుకున్నాడు. యజమానికి ఇచ్చే రక్షణను మాత్రం మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. టెక్సస్ 2011 చట్టంలో, కారులోని తుపాకీ వల్ల ఏదైనా జరిగితే యజమాని మీద, తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప, నష్టపరిహారం బాధ్యత పడదని రాశారు. కంపెనీ ఇచ్చిన వాహనాలకు చట్టం వర్తించదన్నారు. రసాయన, చమురు శుద్ధి కర్మాగారాలకు విడిగా నియమం పెట్టారు. ఇవన్నీ రాయితీల్లా కనిపిస్తాయి. నిజానికి ఊగిసలాడే ప్రతినిధికి "యజమానినీ కాపాడాను" అని చెప్పుకునే వీలు ఇచ్చేవి ఇవే. నీ ఉత్తరంలో ఈ రక్షణ గురించి ఒక్క వాక్యమైనా ఉండి తీరాలి.

నీ మొదటి పేరా కొట్టేసి, దాని స్థానంలో ఇలాంటిది పెట్టి చూడు. అసలు ఉత్తరం ఇంగ్లీషులోనే వెళ్తుంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"గౌరవనీయులైన ప్రతినిధి గారికి, నేను మీ నియోజకవర్గంలో ఉంటాను. ఫలానా నంబరు బిల్లు గురువారం మీ కమిటీ ముందుకు వస్తోంది. దానికి అనుకూలంగా ఓటు వేయమని కోరుతున్నాను. మా ఆవిడ నైట్ డ్యూటీ నర్సు. రాత్రి 11:30కి బయటపడి 40 నిమిషాలు ఒంటరిగా డ్రైవ్ చేస్తుంది. రాష్ట్రం ఆమెకు లైసెన్సు ఇచ్చింది. ఆస్పత్రి నిషేధం పార్కింగ్‌కు కూడా ఉండటంతో వెళ్లే దారిలో, వచ్చే దారిలో ఆ లైసెన్సు ఉండీ లేనట్టే. ఆస్పత్రి లోపలికి తుపాకీ తేనివ్వమని మేం అడగడం లేదు. 2వ సెక్షన్‌లో 'తొలగించరాదు' అన్న మాట, 4వ సెక్షన్‌లో యజమానికి ఉన్న రక్షణ, రెండూ అలాగే ఉంచమని మనవి."

అంతే. ఒక పేజీలో సగం. ఎవరు, ఏ బిల్లు, ఏం చేయాలి అన్నవి మొదటి మూడు వాక్యాల్లో వచ్చేశాయి. సిబ్బంది లెక్క రాసుకునేది వాటినే. ఆ తర్వాత ఒకే ఒక్క మనిషి, ఒకే ఒక్క దారి. నిషేధం పార్కింగ్ గేటు దగ్గర మొదలై అక్కడే ఆగిపోదు, ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఈ సంగతి ప్రతినిధికి అర్థమైతే సగం పని అయినట్టే. అందరికీ ఇదే పేరా పంచిపెట్టకు. అవే మాటలతో 300 ఈమెయిళ్లు వస్తే ఆఫీసులో వాటిని ఒక కట్టగా కట్టి ఒకే గీత గీస్తారు. నువ్వు ఇవ్వాల్సింది ప్రశ్నలు: ఎన్ని గంటలకు డ్యూటీ దిగుతారు, దారి ఎంత, ఆ దారిలో ఏముంది, మీ కంపెనీ నియమం సరిగ్గా ఏమంటోంది. జవాబులు వాళ్ల మాటల్లోనే రానీ, తప్పులుంటే ఉండనీ.

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికంటే ముఖ్యం, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకు. "నేను రోజూ కారులో తుపాకీ పెట్టుకునే ఆఫీసుకు వెళ్తాను" అని ఎవరి చేతా రాయించకు. చట్టం ఇంకా రాలేదు, కంపెనీ నియమం ఇంకా అమల్లోనే ఉంది. చాలా రాష్ట్రాల్లో ప్రతినిధికి రాసిన ఉత్తరాలు అడిగినవాళ్లకు ఇవ్వాల్సిన రికార్డు కిందికి రావచ్చు. కమిటీ విచారణల వీడియోలు ఏళ్ల తరబడి ఆన్‌లైన్‌లో ఉంటాయి. పేరు, కంపెనీ, ఒప్పుకోలు మూడూ ఒకేచోట ఉన్న కాగితం హెచ్‌ఆర్ బల్ల మీదికి చేరితే ఆ మనిషి ఉద్యోగం పోతుంది, దానికి కారణం ఉత్తరాలు రాయమంటూ నువ్వు పంపిన అలర్టు అవుతుంది. "లైసెన్సు ఉంది, నియమం వల్ల వాడలేకపోతున్నాను" అంటే చాలు. కంపెనీ పేరు వద్దు. ఆఫీసు ఈమెయిల్ నుంచి, ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి పంపవద్దని అలర్టులో మొదటి వరుసలోనే రాయి. విచారణలో మాట్లాడటానికి రిటైరైనవాళ్లనో, ఉద్యోగి భార్యనో భర్తనో, ఇలాంటి నిషేధం పెట్టని చిన్న వ్యాపారినో వెతుకు. వ్యాపారి దొరికితే అదృష్టమే, ఎందుకంటే ఆస్తి హక్కు వాదన ఆయన నోట చెల్లినట్టు ఇంకెవరి నోటా చెల్లదు.

మాట్లాడేవాళ్లకు 2 నిమిషాలు ఇస్తారనుకుని సిద్ధం చెయ్యి. ఇంగ్లీషులో 250 పదాలు దాటనివ్వకు. ఒకసారి గడియారం పెట్టి పైకి చదివించు. ఫోను చేసేవాళ్లకు పేరు, పిన్‌కోడు, బిల్లు నంబరు, "అనుకూలంగా ఓటు వేయమనండి" అన్న నాలుగు ముక్కలు చాలు, అర నిమిషం పని. గన్ ప్రస్తావన ఉన్న సంభాషణలో కోపం కనబడితే అది బెదిరింపుగా వినబడుతుంది. "గుర్తుపెట్టుకుంటాం", "చూసుకుంటాం" లాంటి మాటలు స్క్రిప్టులో లేకుండా చూడు.

వేళ తప్పితే ఎంత బాగా రాసినా దండగే. టెక్సస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో 140 రోజులే కూర్చుంటుంది. 2009లో అక్కడ ఇలాంటి బిల్లు పైసభ సెనేట్ దాటి కూడా కింది సభ హౌస్‌లో ఇరుక్కుంది. ఏ బిల్లు ఏ రోజు సభకు రావాలో తేల్చే క్యాలెండర్స్ కమిటీ గుమ్మం దగ్గరే అక్కడ చాలా బిల్లులు ఆగిపోతాయి. మళ్లీ రెండేళ్లు ఆగి, 2011లో గెలిచి, సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చుకున్నారు. కాబట్టి అలర్టు రాష్ట్రమంతటికీ ఒకేసారి పంపకు. ఈ వారం బిల్లు ఎవరి చేతిలో ఉందో ఆ కమిటీ సభ్యుల నియోజకవర్గాల వాళ్లకే పంపు. కమిటీలో బిల్లుకు బదులు కొత్త ప్రతి పెట్టారేమో విచారణ ముందురోజు సాయంత్రం మళ్లీ చూడు. నీ ఉత్తరంలోని 2వ సెక్షన్ అప్పటికి 3వ సెక్షన్ అయిపోయి ఉండొచ్చు.

ఎదుటివాళ్లు 2005లో వచ్చిన ఒక అధ్యయనాన్ని తప్పకుండా తెస్తారు. ఉత్తర కరొలినాలో తుపాకులను అనుమతించిన పనిచోట్ల హత్య జరిగే అవకాశం, ఆయుధాలన్నీ నిషేధించినచోట్ల కంటే సుమారు 5 రెట్లు ఉందని అది చెప్పింది. దాన్ని దాచకు, బూటకం అనకు. అది యజమానులు పనిచోట ఏం అనుమతించారన్నదాన్ని కొలిచింది, తాళం వేసిన కారుకు మాత్రమే పరిమితమైన చట్టాన్ని కాదు అని మర్యాదగా చెప్పు. కార్లలోంచి తుపాకులు దొంగతనానికి పోతున్న మాట నిజం. ఆ ప్రశ్నకు నీ దగ్గర ఉండాల్సింది నినాదం కాదు. సీటు కిందో డిక్కీలోనో ఫ్రేముకు కేబుల్‌తో బిగించే ఉక్కు లాక్‌బాక్స్ గురించి చెప్పు, బయటికి కనబడకుండా ఉంచాలన్న నిబంధన బిల్లులోనే పెట్టమని నువ్వే అడుగు. ఈ చట్టం వస్తే కాల్పులు తగ్గుతాయని మాత్రం రాయకు. నీ దగ్గర రుజువు లేదు, అడిగితే జవాబు లేదు.

మనవాళ్ల గురించి రెండు మాటలు. మన దేశంలో ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకీని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రావడం చూసి పెరిగినవాళ్లకు ఈ గొడవ వింతగా ఉంటుంది, ఓపిగ్గా చెప్పు. హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్లకు వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం. వాళ్ల పేర్లతో "నా తుపాకీ" అన్న ఉత్తరం పొరపాటున కూడా వెళ్లకూడదు. ప్రతినిధికి అభిప్రాయం రాసుకోవచ్చు, కానీ పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్లు ఎన్నికల విరాళం ఇవ్వకూడదు, కాబట్టి తెలుగు అలర్టు కింద అభ్యర్థుల విరాళాల లింకు పెట్టకు. మీ తెలుగు సంఘం 501(సి)(3), అంటే పన్ను మినహాయింపున్న సేవాసంస్థ, అయితే దాని మెయిలింగ్ లిస్టు వాడే ముందు కోశాధికారితో మాట్లాడు. ఫలానా బిల్లు పేరు చెప్పి, మంచిదని చెప్పి, ప్రతినిధికి ఫోను చేయమంటే పన్నుల శాఖ దృష్టిలో అది గ్రాస్‌రూట్స్ లాబీయింగే, అంటే జనం చేత చట్టసభ మీద ఒత్తిడి తెప్పించడమే. లాబీయింగు పరిమితిని ఖర్చు లెక్కన కొలిచే 501(హెచ్) పద్ధతి ఎంచుకున్న సంఘానికి మొదటి 5 లక్షల డాలర్ల ఖర్చులో 20 శాతం లాబీయింగుకు, అందులో నాలుగో వంతు మాత్రమే ఈ తరహాకు అనుమతి. అభ్యర్థిని గెలిపించమనో ఓడించమనో ఆ లిస్టులో అసలే అనకూడదు.

చట్టం వచ్చినంత మాత్రాన పోస్టాఫీసు పార్కింగ్‌లో తుపాకీ ఉంచుకోవచ్చని అనుకోవద్దు, దాన్ని ఆపేది వేరే ఫెడరల్ నిబంధన. 2015లో పదో సర్క్యూట్ దాన్ని నిలబెట్టింది, తర్వాత కోర్టులు ఏమన్నాయో తాజాగా చూసుకో. తపాలా శాఖలో పనిచేసేవాళ్లు మీ లిస్టులో ఉంటే వాళ్లకు ఇది ముందే చెప్పు.

రెండో ముసాయిదాతో పాటు బిల్లు తాజా ప్రతి, కమిటీ సభ్యుల జాబితా, విచారణ తేదీ కూడా పంపు. ఆదివారం లోపు పంపితే సోమవారం పొద్దున్నకల్లా దిద్ది ఇస్తాను.

ఉంటాను,
అన్నయ్య