పేటెంట్ ఎగ్జామినర్ ఉద్యోగం లాయర్లదా? ఒక డాప్లర్ ఫైలు ముందు పెట్టుకుని చూద్దాం

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. మెడలోని కెరోటిడ్ ధమనిలో రక్తం ఎంత వేగంగా పారుతోందో అల్ట్రాసౌండ్‌తో కొలిచే ప్రాజెక్టు చేస్తోంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వద్దు, పేటెంట్ ఎగ్జామినర్ ఉద్యోగానికి ప్రిపేరవుతానంటోంది. అది లా చదివినవాళ్ల పని కదండీ? ఆ ఉద్యోగంలో అసలు ఏం చేస్తారు? ప్రాజెక్టుకు కూడా పేటెంట్ వేద్దామని కాలేజీలో అంటున్నారట. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పేటెంట్ దరఖాస్తులో చెప్పింది నిజంగా కొత్తదేనా అని పాత పత్రాలతో పోల్చి నివేదిక ఇచ్చేవారే ఎగ్జామినర్. ఆ పనికి లా డిగ్రీ అక్కర్లేదండీ. ఆ పోస్టుకు అడిగేది ఇంజినీరింగ్ డిగ్రీ, లేదంటే నిర్దేశించిన సైన్స్ సబ్జెక్టులో పీజీ. పేటెంట్ చట్టాన్ని ఉద్యోగంలో చేరాక శిక్షణలోనూ నేర్పుతారు. నాగ్‌పూర్‌లో రాజీవ్ గాంధీ జాతీయ మేధో సంపత్తి నిర్వహణ సంస్థ ఉన్నది అందుకే. డాప్లర్ సిగ్నల్ (కదిలే రక్తాన్ని తాకి తిరిగొచ్చే ధ్వని ఫ్రీక్వెన్సీలో కనిపించే మార్పు) అంటే ఏమిటో మాత్రం అక్కడ ఎవరూ ఓనమాల నుంచి చెప్పరు. అది కాలేజీ నుంచి తెచ్చుకోవాల్సిందే.

2023 నోటిఫికేషన్‌లో 553 పోస్టులు ఇచ్చారు. అందులో ఎలక్ట్రానిక్స్‌కు 108, మెకానికల్‌కు 99, కంప్యూటర్ సైన్స్‌కు 63, బయోమెడికల్‌కు 53. కాలేజీల్లో బయోమెడికల్ సీట్లు ఎంత తక్కువో మీకు తెలుసు కాబట్టి 53 అన్నది చిన్న అంకె కాదు. ఇది గ్రూప్ ఏ గెజిటెడ్ ఉద్యోగం, పే లెవెల్ 10, మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. వయసు 35 దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ప్రిలిమ్స్, మెయిన్స్, ఆపైన ఇంటర్వ్యూ. పేటెంట్ ఆఫీసులు కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నైలలో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి వేసే దరఖాస్తులు చెన్నై పరిధిలోకి వస్తాయి. పోస్టింగ్ మాత్రం నాలుగింటిలో ఎక్కడైనా రావచ్చు. ఇంకో సంగతి, ఈ నోటిఫికేషన్ ఏటా రాదు. దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి.

జీతం, హోదా కన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఇది పొద్దస్తమానం చదివే పని. పక్కవాళ్లు దాటేసే చిన్న మాట దగ్గర ఆగి నిలదీసే చదువు. అది ఆమెకు సరిపడుతుందో లేదో కోచింగ్‌కు డబ్బు కట్టకముందే, ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఎలాగో ఆమె ప్రాజెక్టుకు దగ్గరగా ఉండే ఒక ఊహాత్మక దరఖాస్తు మీద చూపిస్తాను.

దరఖాస్తులో చట్టపరంగా రక్షణ కోరేది క్లెయిమ్‌లోని మాటలకే. మన క్లెయిమ్ ఇలా ఉందనుకుందాం: ‘రక్తనాళంలో రక్తప్రవాహ వేగాన్ని కొలిచే పరికరం, దానిలో అల్ట్రాసౌండ్ పల్స్‌లు పంపి ప్రతిధ్వనులు అందుకునే ప్రోబ్, నాళపు గోడ నుంచి వచ్చే బలమైన సిగ్నల్‌ను తీసేసే ఫిల్టర్, ఆటోకోరిలేషన్‌తో సగటు డాప్లర్ మార్పును లెక్కించే ప్రాసెసర్, బి-మోడ్ బొమ్మలో నాళం ఏ దిశలో ఉందో గుర్తించి కోణాన్ని దానంతటదే సరిచేసే యూనిట్ ఉంటాయి.’ ఆటోకోరిలేషన్ అంటే సిగ్నల్‌ను కాస్త ఆలస్యమైన దాని రూపంతోనే పోల్చే లెక్క, బి-మోడ్ అంటే మామూలు నలుపు-తెలుపు అల్ట్రాసౌండ్ బొమ్మ. ఎగ్జామినర్ ముందుగా ఈ క్లెయిమ్‌ను ముక్కలు చేస్తారు: ప్రోబ్, ఫిల్టర్, ఆటోకోరిలేషన్, కోణం సవరణ. ఒక పట్టిక గీసి ఎడమవైపు ఈ నాలుగూ రాసుకుంటారు. ఒక్కో ముక్క ఏ పాత పత్రంలో ఉందో కుడివైపు గడుల్లో నింపడమే ఇక పని.

నింపాలంటే భౌతికశాస్త్రం తెలియాలి. 5 మెగాహెర్ట్జ్ ప్రోబ్, రక్తవేగం సెకనుకు అర మీటరు, కిరణానికీ ప్రవాహానికీ మధ్య 60 డిగ్రీల కోణం తీసుకోండి. శరీర కణజాలంలో ధ్వనివేగం సెకనుకు 1,540 మీటర్లు. లెక్క కడితే ఫ్రీక్వెన్సీలో మార్పు సుమారు 1.6 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఆ కోణాన్ని 5 డిగ్రీలు తప్పుగా గుర్తిస్తే వేగం 18 శాతం దాకా తప్పుతుంది. అదే 80 డిగ్రీల దగ్గర 5 డిగ్రీలు తప్పితే కొలత దాదాపు రెట్టింపు కావచ్చు. కోణం 90 అయితే డాప్లర్ మార్పే ఉండదు. అంటే మన దరఖాస్తులో అసలు సరుకు నాలుగో ముక్కలోనే ఉంది. మొదటి మూడూ పాత సామాను. ఈ సంగతి అరగంటలో పట్టుకోగలిగినవారే మంచి ఎగ్జామినర్ అవుతారు. బీటెక్ సిలబస్ ఇక్కడ అక్షరాలా అక్కరకొస్తుంది.

తర్వాత వెతుకులాట. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ‘బ్లడ్ ఫ్లో’ అని కొట్టి వచ్చినవి చూసి ఊరుకుంటారు. అదే విషయాన్ని ఒకరు హీమోడైనమిక్స్ అని రాస్తారు, ఇంకొకరు పెర్ఫ్యూజన్ అని, మరొకరు వెలాసిటీ మ్యాపింగ్ అని. అందుకే మాటలతో పాటు వర్గీకరణ సంకేతాలతోనూ (విషయాన్నిబట్టి పేటెంట్ పత్రాలకు ఇచ్చే కోడ్‌లు) వెతకాలి. అల్ట్రాసౌండ్‌తో రక్తప్రవాహం కొలవడానికి ఎ61బి 8/06, ఇతర పద్ధతులతో కొలవడానికి ఎ61బి 5/026, ఎకో సిగ్నల్‌తో బొమ్మ కట్టడానికి జి01ఎస్ 15/89. జి01ఎఫ్ 1/66ను మరచిపోకూడదు. అది ఫ్యాక్టరీ పైపుల్లో ద్రవాల ప్రవాహాన్ని అల్ట్రాసౌండ్ లాంటి తరంగాలతో కొలిచే మీటర్ల వర్గం. పైపులోది నూనె అయినా నాళంలోది రక్తమైనా తరంగానికి సూత్రం ఒకటే. ఆసుపత్రి పరికరాల్లో దొరకని కోణం సవరణ పైపు మీటర్లలో దొరికినా దొరకొచ్చు.

మొదటి మూడు ముక్కలకు జవాబు పేటెంట్లలోనే ఉండాలని లేదు. 1985లో జపాన్‌కు చెందిన కసాయ్, ఆయన సహచరులు ఆటోకోరిలేషన్‌తో రక్తప్రవాహాన్ని రియల్‌టైమ్‌లో చూపించే పద్ధతిని జర్నల్లో ప్రచురించారు. కలర్ డాప్లర్‌కు పునాది ఆ పేపరే. దాన్ని డీ1 అని రాసుకుంటే పట్టికలో మూడు గడులు నిండిపోతాయి. నాలుగోది అందులో లేదు కనుక క్లెయిమ్‌కు కొత్తదనం ఉంది. ఒకే పత్రంలో అన్ని ముక్కలూ దొరికితేనే కొత్తదనం లేదనాలి. రెండు పత్రాలు కలిపి ‘కొత్తది కాదు’ అని రాయడం నేర్చుకునేవాళ్లు తరచూ చేసే తప్పు.

ఇప్పుడు నాళం దిశను బొమ్మలో గుర్తించే పాత పేటెంట్ ఇంకోటి దొరికిందనుకుందాం, అది డీ2. ఆ రంగంలో అనుభవం ఉన్న ఇంజినీరు ఈ రెండింటినీ కలిపి ఉండేవాడా అన్నది తర్వాతి ప్రశ్న. దీన్నే ఇన్వెంటివ్ స్టెప్ అంటారు, చట్టంలో సెక్షన్ 2(1)(జెఏ). ‘కలపడం తేలిక’ అని రాస్తే చాలదు, కారణం చూపించాలి. 60 డిగ్రీల దగ్గర కోణం 5 డిగ్రీలు తప్పినా వేగంలో 18 శాతం దాకా తప్పు వస్తుందని ఆ రంగంలో అందరికీ తెలుసు, దాన్ని తగ్గించడానికి కోణం కొలిచే డీ2 వైపు చూడటం సహజం, అని ఆధారంతో రాయాలి. ఒకవేళ మన దరఖాస్తు వంకర తిరిగిన నాళాన్ని చిన్న భాగాలుగా విడగొట్టి భాగానికో కోణం కట్టి, డీ2 మాత్రం తిన్నని నాళం గురించే చెబితే లెక్క మారుతుంది. అప్పుడు అభ్యంతరం నిలవకపోవచ్చు. జవాబు తెలిశాక ఏ లెక్కయినా సులువుగానే కనిపిస్తుంది. ఆ భ్రమలో పడకుండా దరఖాస్తు తేదీనాటి ఇంజినీరు కళ్లతో చూడటమే ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని.

వైద్య పరికరాల్లో ప్రత్యేకంగా తగిలే చిక్కులు రెండున్నాయి. మనుషులకు చేసే రోగనిర్ధారణ, చికిత్స ప్రక్రియలకు సెక్షన్ 3(ఐ) ప్రకారం మన దేశంలో పేటెంట్ ఇవ్వరు. ‘రక్తవేగాన్ని కొలిచే పరికరం’ అని క్లెయిమ్ చేస్తే ఈ గొడవ లేదు. ‘రక్తవేగాన్ని కొలిచి ధమని ఇరుకైందని తేల్చే పద్ధతి’ అని రాస్తే 3(ఐ) కింద అభ్యంతరం వస్తుంది. శరీరం మీద చేసే పరీక్షలకే ఈ నిషేధం పరిమితం కాదని మద్రాసు హైకోర్టు 2023లో ఒక తీర్పులో చెప్పింది. ఆ తీర్పు చదివితే ‘రోగనిర్ధారణ’ అన్న ఒక్క మాట చుట్టూ ఎంత వాదన నడుస్తుందో అమ్మాయికి తెలుస్తుంది. రెండోది సెక్షన్ 3(కె): గణిత పద్ధతులు, అల్గారిథమ్‌లు, కంప్యూటర్ ప్రోగ్రామ్ దానికదిగా పేటెంట్‌కు పనికిరావు. ఆటోకోరిలేషన్ గణితమే. కానీ ప్రోబ్ నుంచి వచ్చే సిగ్నల్ మీద పనిచేసి కొలతలో తప్పును తగ్గిస్తే దాన్ని సాంకేతిక ఫలితంగా వాదించవచ్చు. ఫలితం ఏమిటో స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తులో ఆవిష్కరణను వివరించే పత్రం) కనిపించాలి, ఊరికే అంటే కుదరదు.

ఇక వివరణ చాలకపోవడం. ‘ఏఐ మాడ్యూల్ కోణాన్ని గుర్తిస్తుంది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేసిన దరఖాస్తు సెక్షన్ 10(4) దగ్గర ఆగిపోతుంది. ఏ బొమ్మ లోపలికి వెళ్తుంది, నాళపు అంచును ఎలా పట్టుకుంటుంది, అంచు మసకగా ఉంటే ఏం చేస్తుంది అన్నవన్నీ రాసి ఉండాలి. ‘అధిక కచ్చితత్వం’, ‘సుమారుగా’ లాంటి మాటలు క్లెయిమ్‌లో ఉంటే స్పష్టత లేదని అభ్యంతరం రాస్తారు.

ఇవన్నీ కలిపి ఎగ్జామినర్ నివేదిక ఇస్తారు. దాని ఆధారంగా కంట్రోలర్ నుంచి దరఖాస్తుదారుకు వెళ్లేదే ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్ట్, ఈ వృత్తిలో అందరూ ‘ఫెర్’ అంటారు. జవాబుకు ఆరు నెలల గడువు, అడిగితే మరో మూడు నెలలు పొడిగిస్తారు. తర్వాత అవసరమైతే హియరింగ్. పేటెంట్ ఇవ్వాలా, తిరస్కరించాలా అన్న నిర్ణయం కంట్రోలర్‌ది.

అమ్మాయికి ఇంట్లో పెట్టుకోమన్న పరీక్ష ఇదీ. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఇన్‌పాస్ అనే ఉచిత సెర్చ్ ఉంది. ఎ61బి 8/06 వర్గంలో తుది నిర్ణయం వచ్చేసిన దరఖాస్తు ఒకటి తీసుకోమనండి. స్పెసిఫికేషన్, క్లెయిమ్‌లు మాత్రమే చదవాలి, మిగతా పత్రాలు తెరవకూడదు. ప్రయారిటీ తేదీ (ఆ ఆవిష్కరణకు మొట్టమొదట దరఖాస్తు వేసిన తేదీ) కాగితం పైన రాసుకుని, దానికి ముందు వెలువడినవే ఎస్పాస్‌నెట్, పేటెంట్‌స్కోప్ అనే పేటెంట్ సెర్చ్ వెబ్‌సైట్లలో వెతకాలి. పట్టిక నింపి రెండు పేజీల్లో తన రిపోర్టు రాయాలి. ఆ తర్వాతే అదే ఫైల్లోని అసలు ఫెర్, దరఖాస్తుదారు జవాబు, కంట్రోలర్ ఉత్తర్వు తెరిచి తనదానితో పోల్చుకోవాలి. ఒక్కో ఫైలుకు రెండు వారాంతాలు పడుతుంది. అలా ఐదు చేయమనండి. మొదటి రెండింట్లో ఆఫీసు పట్టుకున్న పత్రాలు ఆమెకు దొరకకపోతే కంగారు పడొద్దు, అందరికీ అలాగే ఉంటుంది. ఐదోదానికి వచ్చేసరికి ‘ఈ పత్రం నాకెందుకు తట్టలేదు’ అని తనంతట తాను వెనక్కి వెళ్లి చూస్తుంటే ఈ పని ఆమెకు పడుతుంది. రెండో ఫైలుకే విసుగొస్తే ఆసుపత్రి పరికరాల తయారీ, సర్వీసు, టెస్టింగ్ వైపు మళ్లడం మంచిది. విశాఖలోని మెడ్‌టెక్ జోన్ లాంటి చోట్ల ఆ చదువుకు పనుంది.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే కాలం వృథా కానక్కర్లేదు. హైదరాబాద్, బెంగళూరుల్లో పేటెంట్ సెర్చ్, డ్రాఫ్టింగ్ చేసే సంస్థలు ఇలాంటి డిగ్రీలవాళ్లను తీసుకుంటాయి. 21 ఏళ్లు నిండి, డిగ్రీ చేతికొచ్చాక పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. వందేసి మార్కుల పేపర్లు రెండు, 50 మార్కుల మౌఖిక పరీక్ష ఉంటాయి. ఒక్కో పేపర్లో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. రెండో పేపర్ డ్రాఫ్టింగ్ కాబట్టి పైన చెప్పిన ఐదు ఫైళ్ల సాధన అక్కడా పనికొస్తుంది. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ నడిపే డీఎల్-101 కోర్సు ఉచితం, దానితో మొదలుపెట్టమనండి. హైదరాబాద్‌లోని లా యూనివర్సిటీ నల్సార్‌లో పేటెంట్ చట్టం మీద దూరవిద్య డిప్లొమా ఉంది గానీ దానికి తొందరేమీ లేదు. అమెరికా ఆఫీసులో ఎగ్జామినర్‌గా చేరాలంటే ఆ దేశ పౌరసత్వం కావాలి, యూరప్ ఆఫీసుకు అక్కడి సభ్యదేశాల పౌరసత్వం కావాలి. విదేశీ ఎగ్జామినర్ ఉద్యోగాల పేరుతో ఎవరైనా కోర్సు అమ్మజూపితే ఇది గుర్తుంచుకోండి.

ప్రాజెక్టు పేటెంట్ సంగతి మాత్రం ఈ వారమే చూడండి. పోస్టర్ ప్రదర్శన, టెక్ ఫెస్ట్, యూట్యూబ్ వీడియో, లైబ్రరీలో పెట్టే రిపోర్టు, ఏదైనా సరే దరఖాస్తుకు ముందు బయటికి వస్తే అదే ఆమె దరఖాస్తుకు అడ్డం పడుతుంది. చట్టంలో 12 నెలల మినహాయింపు ఉన్నా అది కొన్ని ప్రత్యేక సందర్భాలకే, దాని మీద ఆధారపడొద్దు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలల వ్యవధి దొరుకుతుంది. విద్యాసంస్థకైనా వ్యక్తికైనా ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలతో మొదలవుతుంది. దరఖాస్తును ఎగ్జామినర్ పరిశీలించడం దానంతటదే జరగదు, ఫారం 18 వేసి విడిగా ఫీజు కట్టాలి. కొత్త దరఖాస్తులకు దాని గడువు ప్రయారిటీ తేదీ నుంచి 31 నెలలు. అది దాటితే దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్టే లెక్క. ఆవిష్కర్తల పేర్లలో అమ్మాయి పేరు ఉందా, దరఖాస్తుదారు కాలేజీయా, విద్యార్థులా అన్నది సంతకాలకు ముందే కాగితం మీద తేల్చుకోవాలి. రేపు ఆమె నిజంగానే పేటెంట్ ఆఫీసులో చేరితే, సర్వీసులో ఉన్నంతకాలం ఆ ఆఫీసు ఇచ్చే ఏ పేటెంట్‌లోనూ వారసత్వంగా, వీలునామా ద్వారా తప్ప హక్కు పొందకూడదని సెక్షన్ 75 చెబుతోంది. అందుకే హక్కులెవరివో ఇప్పుడే తేలడం ఆమెకు ఇంకా అవసరం. పోస్టర్ ప్రదర్శన ఏ తేదీనో ఈ రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి.