టార్పెడో పేలుళ్లు చేస్తే మా వాడికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: నేను భూపాలపల్లి ఓసీలో (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని) షాట్‌ఫైరర్‌ని, అంటే బ్లాస్టింగ్ చేసేవాణ్ని. మా అబ్బాయి హన్మకొండలో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. జలాంతర్గామి ఆట ఒకటి పట్టుకుని, టార్పెడో తగిలితే పేలుడు అచ్చం నిజంలా కనిపించాలని రాత్రిళ్లు మేలుకుంటున్నాడు. మ్యాథ్స్ పేపరు ఒకటి తప్పాడు. అడిగితే "ఇదే నా ఉద్యోగం నాన్నా" అంటాడు. బీటెక్ మానేసి హైదరాబాద్‌లో ఏదో కోర్సులో చేరతాడట, ఫీజు రెండు లక్షల పైమాటే. వాడు చేసిన వీడియో పంపుతున్నాను. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, భూపాలపల్లి

జవాబు: మీ అబ్బాయి చెప్పే ఉద్యోగం నిజంగానే ఉంది. ఆటలు తయారుచేసే స్టూడియోల్లో పొగ, మంట, నీళ్లు, పేలుళ్లు మాత్రమే చేసే వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) ఆర్టిస్టులు ఉంటారు. అయినా బీటెక్ మాన్పించకండి. ఆ ఫీజు కూడా ఇప్పుడే కట్టకండి. ఎందుకో ఆ వీడియోలోనే ఉంది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

అందులో నాకు బాగా నచ్చింది పొగ. నౌక మీది నల్లటి పొగ గాలివాటుకు ఒక పక్కకు వాలి, పోనుపోను పలచబడింది. ఎవరూ చెప్పకుండా ఆ సంగతి పట్టించుకున్నాడంటే వాడికి చూపు ఉన్నట్టే. నీళ్ల దగ్గర మాత్రం తేలిపోయాడు. టార్పెడో తగలగానే నారింజ రంగు మంటల బంతి లేచింది, నీళ్లు ఎగిరి రెండు సెకన్లలో మాయమయ్యాయి, చప్పుడు కూడా ఆ క్షణమే వినిపించింది. ఈ మూడూ తప్పులే.

టార్పెడోలోని పేలుడు మందు నీటి మట్టానికి కొన్ని మీటర్ల కింద పేలుతుంది. మొదట నీరు తెల్లగా ఉబ్బుతుంది, ఆ వెనకే స్తంభంలా లేస్తుంది. అది కూలాక తుంపర తెరలా వేలాడుతుంది, నురుగు మచ్చ చాలాసేపు తేలుతూ ఉంటుంది. మంట కనిపించాలంటే నౌకలో చమురో మందుగుండో అంటుకోవాలి. 1941 నవంబరు 25న మధ్యధరా సముద్రంలో మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక బార్‌హామ్ దృశ్యాలు ఇప్పటికీ చూడవచ్చు. ఆకాశాన్ని కమ్మేసిన ఆ పేలుడు చూసి టార్పెడో అంటే అదే అనుకుంటారు చాలామంది. నిజానికి టార్పెడోలు తగిలి నౌక పక్కకు ఒరిగిపోయిన కొన్ని నిమిషాలకు లోపలి మందుగుండు గది పేలింది. వాడు కాపీ కొట్టిన మంట బహుశా అలాంటిదే.

ఇక కాలం లెక్క. నీళ్లు 60 మీటర్ల ఎత్తుకు లేచాయనుకుందాం. గాలి నిరోధం పక్కన పెట్టినా పైకి వెళ్లడానికి మూడున్నర సెకన్లు, కింద పడడానికి మరో మూడున్నర సెకన్లు పడుతుంది. రెండు సెకన్లలో లేచి పడేది ఐదు మీటర్ల ఎత్తు నీరే. అందుకే వాడి వీడియోలో అంత పెద్ద ఓడ తొట్టిలో వదిలిన ఆటబొమ్మలా కనిపిస్తోంది. రంగులు ఎన్ని మార్చినా ఆ లోపం పోదు. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ సూత్రం ఒక్కటి వేసుకుంటే పోతుంది.

చప్పుడూ అంతే. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో సుమారు 340. ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఓడకు టార్పెడో తగిలితే మునిగి ఉన్న జలాంతర్గామిలోని వాళ్లకు ఒక సెకనుకు ధన్‌మని వినిపిస్తుంది. నీటిపైకి తేలి డెక్ మీద నిలబడితే గాలిలో వచ్చే చప్పుడుకు నాలుగు సెకన్లకు పైగా ఆగాలి. పెరిస్కోపులో నీళ్లు లేవడం ముందు కనిపించి, ఆ తర్వాత శబ్దం రావడంలోనే ఆటగాడికి గుండె ఝల్లుమంటుంది.

ఇవన్నీ మీకు కొత్తవి కావు. బ్లాస్టింగ్‌లో ఓబీ (బొగ్గు మీది మట్టి, రాయి) కదలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత చేరుతుంది. రంధ్రాలన్నీ ఒక్కసారే పేలవు, డిలే డిటొనేటర్లతో వరసకూ వరసకూ మధ్య మిల్లీసెకన్ల తేడా ఉంటుంది. మందు సరిగా మండకపోతే నారింజ పొగ వస్తుంది. వాడికి రెండు లక్షల కోర్సులో దొరకని పాఠం మీ ఇంట్లోనే ఉంది. వాడిని గని దగ్గరికి తీసుకెళ్లమనడం లేదు, భద్రతా నిబంధనలు నాకన్నా మీకే బాగా తెలుసు. సెలవులకు వచ్చినప్పుడు ఆ వీడియో పక్కన పెట్టుకుని, ఏది ముందు, ఏది వెనక, ఏది ఎంతసేపు అన్నది మీరే విడమరచి చెప్పండి. ఇన్నాళ్లూ వాడు తిట్లు తిన్న పని గురించి మీరు కూర్చుని మాట్లాడితే దాని ఫలితమే వేరు.

చూడాల్సినది ఇంకొకటుంది. 1999 జూన్‌లో ఆస్ట్రేలియా నౌకాదళం తమ పాత నౌక టోరెన్స్‌ను మార్క్ 48 టార్పెడోతో ముంచింది. ఆ దృశ్యాలు బహిరంగంగానే ఉన్నాయి. టార్పెడో పక్కన గుద్దలేదు, అడుగున పేలింది. అలా పేలినప్పుడు పుట్టే వాయు బుడగ నౌక నడుమును పైకెత్తుతుంది. బుడగ కుంచించుకోగానే కింద ఆనుకోవడానికి ఏమీ లేక నౌక వెన్ను విరుగుతుంది. మంచి ఎఫెక్ట్ చేసేవాడు నీళ్లతో పాటు ఓడ కదలికనూ చూస్తాడు.

ఇంత చూసి చేసినా ఉద్యోగం ఇచ్చేవాళ్లు అడిగే ప్రశ్న వేరే ఉంటుంది. సినిమా గ్రాఫిక్స్‌లో ఒక్క ఫ్రేము, అంటే తెర మీది ఒక్క బొమ్మ, తయారవడానికి కంప్యూటర్ గంటలు తీసుకున్నా చెల్లుతుంది. ఆటలో సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. సముద్రం, ఓడలు, ఆకాశం అన్నీ అందులోనే సర్దుకోవాలి కాబట్టి పేలుడుకు మిగిలేది కొద్దిగానే. పారదర్శకమైన పొగ పొరలు ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోతే, పెరిస్కోపు జూమ్ చేసి తెర నిండా పొగ పరుచుకోగానే ఆట తడబడుతుంది. ఎన్ని పార్టికల్స్ (పొగ, తుంపర చూపే చిన్న చిన్న రేణువులు) వాడాలి, ఎక్కడ ఒక్క టెక్స్చర్‌తో (పైన అతికించే బొమ్మ) సరిపెట్టాలి, షేడర్ (రంగు, వెలుగు లెక్కకట్టే చిన్న ప్రోగ్రాం) ఎలా రాయాలి అన్నది తెలిసినవాడే స్టూడియోకు కావాలి. దీనికి వెక్టర్లు, మాత్రికలు, సీ ప్లస్ ప్లస్ రావాలి. వాడు తప్పిన మ్యాథ్స్ పేపరు ఈ పనికే కావలసిన పేపరు. ఆ మాట మీరు కాదు, నేను చెప్పానని చెప్పండి.

సీఎస్‌ఈ చదివినవాడికి టెక్నికల్ ఆర్టిస్ట్, గ్రాఫిక్స్ ప్రోగ్రామర్ ఉద్యోగాలు దగ్గరి దారి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణెలో యూబీసాఫ్ట్ స్టూడియోలు ఉన్నాయి. ఫ్రెషర్లకు ఎఫెక్ట్స్ ఖాళీలు తక్కువగానే ఉంటాయి, దాచను. అందుకే డిగ్రీ చేతిలో ఉండాలంటున్నాను. డిజైన్ వైపు మనసు పోతే బీటెక్ తర్వాత సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎం.డిజైన్ చేయవచ్చు. అసలు టార్పెడో మీదే మోజు పుడితే విశాఖలో టార్పెడోల మీద పనిచేసే డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది, గేట్ స్కోరుతో డీఆర్‌డీఓ శాస్త్రవేత్త పోస్టులకు సీఎస్‌ఈ వాళ్లూ పోటీపడవచ్చు. ఈ సెలవుల్లో వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి, విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూపించండి. లోపలికి వెళ్లి టార్పెడో గొట్టాల పక్కన నిలబడి చూడవచ్చు.

ఇక వాడు చేయాల్సిన పని. సప్లిమెంటరీ రాసి మ్యాథ్స్ పాసవ్వాలి. ఆ తర్వాత ఒకే ఒక్క పేలుడు, ఇరవై సెకన్ల వీడియో. ఇంకొకరి ఆటలోని ఓడ, టెక్స్చర్లు వాడకూడదు, అంతా సొంతంగా చేయాలి. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ ఉచితం, ఆటలు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ నేర్చుకోవడానికి డబ్బు కట్టక్కరలేదు. అదే పేలుడును పగటి వెలుగులో ఒకసారి, రాత్రి ఒకసారి, పెరిస్కోపులోంచి ఒకసారి చూపించాలి. మూలన ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం కనిపించాలి. పక్కనే ఏ పొర ఎలా చేశాడో విడివిడిగా చూపాలి. సెమిస్టరు పరీక్షల ముందు నెల రోజులు ఈ పని ముట్టకూడదని ముందే మాట తీసుకోండి. డబ్బు ఖర్చుపెట్టాలనే ఉంటే మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కొనివ్వండి.

ఆ హైదరాబాద్ కోర్సు వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, కిందటి బ్యాచ్‌లో ఎఫెక్ట్స్ ఉద్యోగంలో చేరిన పిల్లల వీడియోలు పంపమనండి. మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారో కాగితం మీద రాసిమ్మనండి. ఈ రెండూ చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి.