రెండో డివిజన్ సరే, కింద మెట్లేవి?

"ఆడవాళ్ల ఫుట్‌బాల్‌లో రెండో డివిజన్ లీగ్ పెట్టారు కదా, మన గుంటూరు, బెజవాడ అమ్మాయిలకు దానివల్ల ఒరిగేదేమైనా ఉందా?" అని అడిగారు. ఇప్పటికైతే ఏమీ లేదండీ. లీగ్ మంచిదే, దాని కింద మెట్లే లేవు.

మా అక్క కూతురు గోల్‌కీపర్. బావగారికి ఈ బంతాట సుతరామూ ఇష్టం లేదు కాబట్టి బెజవాడ దగ్గర ఒక టోర్నమెంట్‌కి నేనే కారులో తీసుకెళ్లాను. పొద్దున ఏడింటికి మ్యాచ్ అన్నారు. తీరా వెళ్తే గ్రౌండ్ నిండా గుంతలు! అంతకుముందు అక్కడేదో సభ జరిగిందట, టెంట్ల గుంజలు పీక్కుపోయారు గానీ గుంతలు పూడ్చే నాథుడు లేడు. చివరికి ఈ పిల్లలే పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ మేస్త్రిని బతిమాలి తట్టలు తెచ్చుకుని, ఇసుక మోసి, బూట్లతో తొక్కి చదును చేసుకున్నారు. గోల్ ముందున్న గుంతను మాత్రం మా పిల్ల ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, డైవ్ చేసేది తనే కదా. అటు సగం గ్రౌండ్‌లో క్రికెట్ బ్యాచ్. "మావయ్యా, నువ్వైనా చెప్పు, లాస్ట్ ఓవర్ లాస్ట్ ఓవర్ అంటూ ఇందాకట్నుంచీ ఆడుతూనే ఉన్నారు" అంటుంది. బట్టలు మార్చుకోవడానికి గది లేదు. మా కారు అద్దాలకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని ఒక్కొక్కరే మార్చుకున్నారు. ఆట మొదలయ్యేసరికి తొమ్మిది దాటింది, అదీ ఏప్రిల్ ఎండలో. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు, అక్కడితో ఆ ఏడాది ఆట బంద్.

క్రికెట్ మీద నాకు కోపం లేదు, కానీ గ్రౌండ్ అంటే క్రికెట్‌కి, అది కాకపోతే సభలకి, ఎగ్జిబిషన్లకి అనుకునే వాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక లీగ్ సంగతి. ఆ రెండో డివిజన్, అంటే ఇండియన్ విమెన్స్ లీగ్ 2, మొదలైంది 2023-24 సీజన్‌లో. ఆ ఏడాది పై డివిజన్‌కి వెళ్లినవి కోల్‌కతా శ్రీభూమి, ఒడిశా నీతా అకాడమీ. తర్వాతి సీజన్‌లో ఢిల్లీ గఢ్వాల్ యునైటెడ్, గోవా సేసా అకాడమీ. ఈ నాలుగు చోట్లా సొంతంగా ఆడవాళ్ల లీగ్ నడుస్తుంది, గమనించండి. ఊళ్లో ఆడి ఆడి రాటుదేలిన టీమే పైన నిలబడుతుంది. మన దగ్గర అసోసియేషన్ సెలెక్షన్స్, ఒక టోర్నమెంట్, ఒక గ్రూప్ ఫోటో, అయిపోయింది.

మన తెలుగమ్మాయి గుగులోత్ సౌమ్యనే చూడండి. నిజామాబాద్ పిల్ల, 2024-25లో పై డివిజన్ లీగ్ గెలిచిన కోల్‌కతా ఈస్ట్ బెంగాల్ టీమ్‌లో ఉంది, ఆ సీజన్‌కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డూ తనకే వచ్చింది. కానీ అంతకుముందు గోకులం కేరళ, క్రొయేషియా, ఆ తర్వాత కోల్‌కతా... క్లబ్ కోసం ఊరు దాటక తప్పలేదు. అందరి ఇళ్లలోనూ అలా పంపుతారా? మా బావగారైతే తెనాలి దాటనివ్వరు.

పై డివిజన్‌లోనే 2024-25లో ఒక్కో టీమ్‌కి దక్కినవి 14 మ్యాచ్‌లు. రెండో డివిజన్ అయితే కొన్ని వారాల్లోనే ముగిసిపోతుంది. ఇంగ్లండ్‌లో రెండో లీగ్ 2014 నుంచీ ఉంది, ఇప్పుడు 12 టీములు, ఒక్కోదానికి 22 మ్యాచ్‌లు. అక్కడా డబ్బు కష్టాలున్నాయి లెండి, 2024లో రెడింగ్ క్లబ్ ఖర్చు భరించలేక ఆ లీగ్ వదిలేసి ఏకంగా ఐదో అంచెకి దిగిపోయింది. కానీ దిగడానికైనా అక్కడ ఐదో అంచె అంటూ ఉంది. మనకు రెండోది పోతే ఇంటికే.

నన్నడిగితే గుంటూరు, బెజవాడ, తెనాలి, ఏలూరు కలిపి ఆరు టీములతో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారం ఆదివారం ఆడించాలి. బస్సు ఛార్జీలు, రిఫరీ డబ్బులు, బట్టలు మార్చుకోవడానికి తాళం వేసుకునే గది ఒకటి. మిర్చి యార్డు వ్యాపారులు నలుగురు తలుచుకుంటే అదొక లెక్కా? మీ అమ్మాయి కూడా ఆడుతుంటే కామెంట్‌లో చెప్పండి, మా పిల్ల టీమ్‌లో ఇప్పుడు లెఫ్ట్ బ్యాక్ లేదు.