‘గుడ్ సిగ్నేచర్’ అంటూనే కింద వార్నింగ్ ఇస్తోంది, ఈ ఫైలు వాడొచ్చా?

ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాల్ చేసే ఐఎస్‌ఓ ఫైలు దించుకుని, డిజిటల్ సంతకాలు సరిచూసే జీపీజీ ప్రోగ్రాంలో ‘వెరిఫై’ కొడితే ‘గుడ్ సిగ్నేచర్’ అని వచ్చి, కిందే ‘ఈ సంతకం ఆ ఓనర్‌దే అనడానికి ఆధారం లేదు’ అని వార్నింగ్ వచ్చిందని, ఫైలు వాడొచ్చా అని మీరు అడిగారు. కంగారేం లేదు, కానీ ఇంకా రెండు పనులున్నాయి.

అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడు నేనూ ఆ వార్నింగ్ చూసి టెన్షన్ పడి, ఫైలే పాడైందనుకుని మూడుసార్లు డౌన్‌లోడ్ చేశాను. ఆ వైఫైకి రాత్రంతా పట్టింది, తెల్లారాక చూస్తే మళ్ళీ అదే వార్నింగ్! సంతకం పెట్టిన ఫైలు నిజంగా మారి ఉంటే ‘బ్యాడ్ సిగ్నేచర్’ అంటుంది. ఆ సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ మన దగ్గర లేకపోతే ‘నో పబ్లిక్ కీ’ అంటుంది.

మన ఊళ్ళో ప్లాటు కొనేవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాగితం మీద సంతకం బాగానే ఉంది, పెట్టినవాడు అసలు ఓనరేనా? జీపీజీ అడిగేదీ అదే. లింక్ డాక్యుమెంట్లు మనమే చూసుకోవాలి.

అంటే మొదటి పని, కీ ఫింగర్‌ప్రింట్ (ఆ కీని గుర్తుపట్టే పొడవాటి కోడ్) చూడాలి. ‘ఫింగర్‌ప్రింట్’ ఆప్షన్ ఇస్తే నాలుగేసి చొప్పున పది గుంపులు, మొత్తం 40 అక్షరాలు వస్తాయి. వాటిని ఫైలు దించిన సైటులోనే చూసి పోల్చకండి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ (ఉబుంటు లాంటిదే మరో సిస్టమ్) సైటులోకి చొరబడ్డవాళ్ళు డౌన్‌లోడ్ లింకులనే దొంగ ఐఎస్‌ఓకి మళ్ళించారు. నేనైతే కూకట్‌పల్లిలో ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేశాను. అతని పాత ఉబుంటులో ఈ కీ ముందే ఉంటుంది. అతను చదువుతుంటే నేను స్క్రీన్ మీద వేలు పెట్టి చూసుకున్నాను, చివరి గుంపు 1092. చివరి ఎనిమిదీ కలిస్తే చాలనుకోకండి. అంతవరకు కలిసేలా దొంగ కీ చేయడం మామూలు గ్రాఫిక్స్ కార్డుతో అయిపోయే పని. 40 కలవాలి.

రెండోది అందరూ మర్చిపోయేది. ఆ సంతకం ఐఎస్‌ఓ మీద కాదు, షా256సమ్స్ అనే చిన్న ఫైలు మీద ఉంటుంది, అందులో ఐఎస్‌ఓని సరిచూసే చెక్‌సమ్ కోడ్ ఉంటుంది. దానితో ఐఎస్‌ఓని షా256సమ్ కమాండ్‌లో ‘సి’ ఆప్షన్ పెట్టి విడిగా సరిచూడాలి. ఐఎస్‌ఓ పేరు పక్కన ‘ఓకే’ పడాలి. మీరు ఇది చేసినట్టు ప్రశ్నలో కనిపించలేదు.

ఆ వార్నింగ్ మరీ చిరాకు పెడుతుంటే, ఫింగర్‌ప్రింట్ కలిశాక మీ సొంత కీతో ఆ కీని ‘ఎల్‌సైన్’ (లోకల్‌గా సంతకం) చేయండి. అది మీ మెషిన్‌కే పరిమితం, బయటికి పోదు.