ఇంగ్లీషు సాహిత్యం పరీక్షకు బెజవాడలో ఏ పుస్తకాలు కొనాలి?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. మావారికి ఇంగ్లండులో ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో బయలుదేరుతున్నాం. అమ్మాయి ఇక్కడ తొమ్మిదో తరగతి పూర్తి చేసింది. అక్కడ ఇంగ్లీషు సాహిత్యానికి విడిగా పరీక్ష ఉంటుందని, షేక్‌స్పియర్ తప్పదని విన్నాం. ఏలూరు రోడ్డులో గైడ్లు, మోడల్ పేపర్లు కొని ఇప్పటి నుంచే చదివించమంటారా?

జవాబు: అమ్మా, గైడ్లు ఇప్పుడే కొనకండి. మీ అమ్మాయి ఏ నాటకం చదవాలో, ఏ నవల చదవాలో స్కూలు ఖాయమయ్యే దాకా తెలియదు. మన రాష్ట్ర బోర్డు బడుల్లో పదో తరగతికి పాఠ్యపుస్తకం ఒకటే. గవర్నరుపేటలో చదివినా గుంటూరు బ్రాడీపేటలో చదివినా అదే పాఠం. ఇంగ్లండులో అలా కాదు. జీసీఎస్ఈ అంటే అక్కడ ఇయర్ 11 చివర పిల్లలు రాసే పబ్లిక్ పరీక్ష. ఆ పరీక్షలు పెట్టే సంస్థలే ఏక్యూఏ, పియర్సన్ ఎడెక్సెల్, ఓసీఆర్, ఎడ్యుకాస్ అని వేరువేరుగా ఉన్నాయి. వాటిలో దేని పరీక్ష రాయించాలన్నది స్కూలు ఇష్టం. ఆ సంస్థ ఇచ్చే జాబితాలో ఏ పుస్తకాలు బోధించాలన్నదీ స్కూలు ఇష్టమే. మీరు షేక్‌స్పియర్ నాటకాల్లో మాక్బెత్ కొని చదివించి తీసుకెళ్తే అక్కడ రోమియో జూలియట్ చెబుతూ ఉండవచ్చు.

ఏలూరు రోడ్డు పాత పుస్తకాల దుకాణాల్లో ఇంగ్లండు గైడ్లు ఒక్కోసారి కనిపిస్తాయి. చవగ్గా వస్తున్నాయని సంచి నింపుకోవద్దు. ఈ సబ్జెక్టులో 9 నుంచి 1 వరకు అంకెల గ్రేడ్లు వచ్చింది 2017 పరీక్షల నుంచి. గైడులో ఏ, బీ, సీ అని అక్షరాల గ్రేడ్లు ఉంటే అది పాత పరీక్షకు రాసింది, ఇప్పుడు పనికిరాదు. నాటకమో నవలో మూలగ్రంథం మంచి ముద్రణలో దొరికితే మాత్రం తీసుకోండి, చదివినది ఎక్కడికీ పోదు.

పరీక్ష స్వరూపం తెలిస్తే ఏ సామగ్రి కావాలో మీకే అర్థమవుతుంది. ఏక్యూఏ పద్ధతి చెబుతాను. మొదటి పేపరు గంటా ముప్పావు, 64 మార్కులు. అందులో షేక్‌స్పియర్ నాటకం మీద ఒక ప్రశ్న, 19వ శతాబ్దపు నవల మీద ఒక ప్రశ్న. రెండింటికీ చిన్న భాగం అచ్చువేసి ఇస్తారు. దానితో మొదలుపెట్టి పుస్తకం మొత్తం మీద రాయాలి. రెండో పేపరు రెండుంపావు గంటలు, 96 మార్కులు. ఆధునిక నాటకం లేదా నవల మీద ఒక ప్రశ్న, ముందే చదువుకున్న కవితల్లో రెండింటిని పోల్చే ప్రశ్న, చివర ఎన్నడూ చూడని కవితల మీద రెండు ప్రశ్నలు. పుస్తకాలు పరీక్ష గదిలోకి తీసుకెళ్లనివ్వరు. మిగతా సంస్థల్లో కొలతలు మారతాయి. ఉదాహరణకు ఎడెక్సెల్ షేక్‌స్పియర్ ప్రశ్నను రెండు ముక్కలు చేసి, ఇచ్చిన భాగం మీద ఒకటి, మిగతా నాటకం మీద ఒకటి అడుగుతుంది. అందుకే ఒక సంస్థ పేపర్లతో మరో సంస్థ పరీక్షకు తయారు కావడం కుదరదు.

ఇక అసలు సామగ్రి. అన్నిటికంటే విలువైనవి పరీక్ష పెట్టే సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరికేవే: పాత ప్రశ్నపత్రాలు, దేనికి ఎన్ని మార్కులు వేయాలో చెప్పే వాటి మార్క్ స్కీములు, ఆ ఏడాది పిల్లలు ఎలా రాశారో దిద్దినవారు చెప్పే నివేదికలు. బీబీసీ వారి చదువుల వెబ్‌సైటు బైట్‌సైజ్ కూడా ఉచితమే, పరిచయానికి బాగుంటుంది. ఈ ఏడాది ఫలానా ప్రశ్నే వస్తుందని జోస్యం చెబుతూ అమ్మే పేపర్ల మీద ఒక్క పౌను కూడా పెట్టకండి. తాజా పేపరును కొంతకాలం టీచర్లకు మాత్రమే అందుబాటులో ఉంచుతారు, స్కూళ్లు దానితో నమూనా పరీక్ష పెట్టుకుంటాయి. దానికోసం పిల్లలు ఎక్కడెక్కడో వెతకడం చూస్తుంటాను. దొరికినా చూడనివ్వకండి, నమూనా పరీక్ష వల్ల కలిగే మేలంతా పోతుంది.

మన తల్లిదండ్రులు ప్రశ్నపత్రాలు ఫైలు నిండా ప్రింటు తీయిస్తారు, మార్క్ స్కీము వైపు చూడరు. నన్నడిగితే మొదట చదవాల్సింది అదే. ఏక్యూఏలో 30 మార్కుల వ్యాసానికి ప్రశ్నకు తగిన వాదం, పాఠంలోంచి రుజువులు చూపినందుకు 12 మార్కులు. రచయిత ఆ మాటే ఎందుకు వాడాడు, ఆ సన్నివేశం అక్కడే ఎందుకు పెట్టాడు అని వివరించినందుకు మరో 12. ఆ కాలం, ఆ సమాజం గురించి తెలిసినదాన్ని ప్రశ్నకు ముడిపెట్టినందుకు 6. షేక్‌స్పియర్, ఆధునిక రచన ప్రశ్నల్లో అక్షరదోషాలు లేకుండా రాసినందుకు 4 అదనం. మన పిల్లలు రచయిత జీవిత చరిత్రతో పేజీన్నర నింపుతారు. ఆ పేజీన్నరకు 6 మార్కుల్లోనే చోటు, అదీ ప్రశ్నకు సంబంధం ఉంటేనే.

కాబట్టి ఒక పేపరును ఇలా వాడించండి. గడియారం ముందు పెట్టి ఒకే ఒక్క ప్రశ్నకు యాభై నిమిషాల్లో చేత్తో రాయించండి. మర్నాడు మార్క్ స్కీము పక్కన పెట్టుకుని తన వ్యాసాన్ని తనే దిద్దుకోమనండి. రుజువు ఉన్నచోట ఒక రంగు, రచయిత నేర్పును వివరించినచోట ఇంకో రంగు గీత గీయమనండి. రెండో రంగు దాదాపు కనిపించదు, మన దగ్గర నుంచి వెళ్లిన పిల్లల్లో నేను పదేపదే చూసే లోటు ఇదే. అలాంటి పేరా ఒక్కటి తీసుకుని మళ్లీ రాయించండి. మూడు కొత్త పేపర్ల కంటే ఈ తిరగరాసిన పేరా ఎక్కువ నేర్పుతుంది.

కంఠతా పట్టడం గురించి ఒక మాట. అది పనికిరాని చదువు అని అక్కడికి వెళ్లాక ఎవరైనా అంటే మీ అమ్మాయి చిన్నబోకూడదు. పుస్తకం లేకుండా రాసే పరీక్షకు జ్ఞాపకశక్తి పెద్ద అండ. దాన్ని ఖర్చుపెట్టాల్సిన చోటు వేరు, అంతే. బజారులో దొరికే మోడల్ వ్యాసాన్ని మొత్తంగా మింగితే, అడిగిన ప్రశ్న కాస్త పక్కకు జరిగినా ఆ వ్యాసం అక్కరకు రాదు. చిన్నచిన్న వాక్యాలు, అవీ అనేక ప్రశ్నలకు పనికొచ్చేవి కంఠతా పట్టాలి. మాక్బెత్ నాటకం మూడో అంకంలో మాక్బెత్ రాజును చంపి తానే రాజయ్యాక కూడా నిద్రలేక, భార్యతో తన మనసు నిండా తేళ్లే ఉన్నాయంటాడు. ఇంగ్లీషులో ఆరు మాటలు. అపరాధభావం గురించి అడిగినా, దురాశ గురించి అడిగినా, తోటి సేనాని బాంకో అంటే భయం గురించి అడిగినా ఆ ఆరు మాటలు సరిపోతాయి. దంపతుల బంధం గురించి అడిగితే ఇంకా పనికొస్తాయి, ఎందుకంటే తన వేదన చెప్పుకున్న ఆ భార్యకే బాంకోను చంపించే ఏర్పాటు మాత్రం చెప్పకుండా దాస్తాడు. తేలు బయట నుంచి కుడుతుంది, ఇక్కడ లోపలే తిరుగుతోంది అని పిల్ల ఒక వాక్యం రాయగలిగిందంటే రెండో రంగు గీత పడినట్టే.

ఆగస్టు దాకా ఇంట్లో ఏం చేయించాలంటారా? స్కూలు ఏదైనా, సంస్థ ఏదైనా మారనిది ఒకటుంది: చూడని కవితను చదివి మాట్లాడటం, రెండు కవితలను పోల్చడం. దీనికి మీరే గురువు కావచ్చు, ఇంగ్లీషు సాహిత్యం చదివి ఉండనక్కర్లేదు. తెలుగులో మొదలుపెట్టండి.

వినుకొండలో పుట్టిన జాషువా గారి శ్మశానవాటి పద్యాలు మన ప్రాంతంలో వినని ఇల్లు ఉండదు. హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో మన నటులు వాటిని పాడి పాడి జనం నోట నిలిపారు. "ఇచ్చోటనే" అని మొదలయ్యే పద్యం తీసుకోండి. ప్రతిపదార్థం చెప్పమనకండి, ఆ పని అమ్మాయికి బడిలో అలవాటే. ఆ మాటను కవి అన్నిసార్లు ఎందుకు తిప్పి తిప్పి అన్నాడో అడగండి. అదిగో ఇక్కడే, ఇక్కడే అని వేలు పెట్టి చూపిస్తున్నట్టుందని తనే అంటుంది. అక్కడ ఏమేం పోయాయో లెక్కపెట్టించండి: కవి కలం, రాజు అధికార ముద్రిక, లేత ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె. రాజు నలుగురిలో ఒకడయ్యాడు.

తర్వాత ఇంగ్లీషు కవి షెల్లీ 1818లో అచ్చువేసిన ఓజిమాండియాస్ అనే కవిత ఇవ్వండి. 14 పంక్తులే, ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. ఎడారిలో మొండెం లేని రాతి కాళ్లు, ఇసుకలో సగం కూరుకుపోయిన పగిలిన ముఖం, పీఠం మీద రాజు గొప్పలు చెప్పుకున్న మాటలు. చుట్టూ ఇసుక తప్ప మరేమీ లేదు. ఇప్పుడు పోల్చమనండి. ఇద్దరు కవులూ అధికారం నిలవదన్నారు, అది ఎవరైనా చెబుతారు. అక్కడితో ఆగనివ్వకండి. జాషువా రాజును కవి పక్కన, ఇల్లాలి పక్కన నిలబెట్టాడు, షెల్లీ రాజును ఒంటరిగా వదిలేశాడు. జాషువా రాజు మాట్లాడడు, షెల్లీ రాజు మాట్లాడతాడు, ఆ మాటలే అతన్ని పట్టిస్తాయి. దీన్ని తెలుగులో నోటితో చెప్పించి, వెంటనే ఇంగ్లీషులో ఒక పేరా రాయించండి. ఏక్యూఏ కవితా సంకలనంలో అధికారం, సంఘర్షణ అనే విభాగంలో ఉన్న 15 కవితల్లో ఓజిమాండియాస్ ఒకటి. స్కూలు ఆ విభాగం చెబుతుంటే ఒక కవిత ముందే వచ్చేసినట్టు, చెప్పకపోయినా పోల్చడం వచ్చినట్టు. లండన్ వెళ్లినప్పుడు బ్రిటిష్ మ్యూజియానికి తీసుకెళ్లండి, ప్రవేశం ఉచితం. ఓజిమాండియాస్ అంటే ఈజిప్టు రాజు రెండో రామ్సెస్. ఆయన భారీ విగ్రహంలోని తల భాగం, మన అమరావతి స్తూపం శిల్పాల్లో కొన్ని ఆ మ్యూజియంలో ఉన్నాయి.

వేమన పద్యాలతో, శ్రీశ్రీ కవితలతో కూడా ఇలాగే చేయవచ్చు. రోజుకు ఒకటి చాలు, అరగంట మించనివ్వకండి.

ఒక విషయం మాత్రం అశ్రద్ధ చేయవద్దు. ఇంగ్లండులో తరగతిని ఇక్కడి మార్కుల జాబితా చూసి కాక, పుట్టిన తేదీని బట్టి నిర్ణయిస్తారు. సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 వరకు లెక్క. అమ్మాయికి ఆగస్టు 31 నాటికి పద్నాలుగు నిండి పదిహేను నిండకుంటే ఇయర్ 10, రెండేళ్ల వ్యవధి దొరుకుతుంది. పదిహేను నిండితే ఇయర్ 11, వచ్చే మే నెలలోనే పరీక్షలు మొదలు. అలా అయితే చేరిన మొదటి వారంలోనే ఇంగ్లీషు విభాగం పెద్ద టీచరును కలిసి, ఏ సంస్థ పరీక్ష, ఏ పుస్తకాలు, వాటిలో నిరుడు ఎంతవరకు అయింది అని కాగితం మీద రాయించుకోండి. అప్పటిదాకా కొన్న గైడు ఏదైనా అంచనా మీద కొన్నదే. పుట్టిన తేదీ, స్కూలు ఖాయమయ్యాక దాని పరీక్ష సంస్థ పేరు నాకు రాయండి, ఏ పేపరుతో మొదలుపెట్టాలో అప్పుడు చెబుతాను.